కబ్వేలో ఒక బడి ఆవరణ: చీపురు, గాలి, సీసం

నేను చేసే పని మట్టి పరీక్ష. పొలానికి ఎరువు ఎంత వేయాలో చెప్పే పరీక్ష కాదు, పాత గనులు ఫ్యాక్టరీలు ఉన్నచోట మట్టిలో ఏ లోహం ఎంత ఉంది, అది జనం ఒంట్లోకి ఏ దారిన పోతోంది, ఎక్కడ తవ్వాలి ఎక్కడ కప్పాలి అని చూసే పని. మాది పల్నాడు. బండ్లమోటు సీసం గని మా వైపే, అది మూతపడి చాలా ఏళ్లయింది, కాబట్టి సీసం అనే మాట చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్నదే. కానీ ఒక ఊరు ఊరంతా సీసంలో బతకడం అంటే ఏంటో నేను చూసింది మాత్రం జాంబియాలో, కబ్వేలో. అక్కడ ఒక ప్రైమరీ స్కూల్లో చేసిన పని గురించి రాస్తున్నా. స్కూల్ పేరు రాయను, ఆ పిల్లల మీద ఇప్పటికే ఉన్న ముద్ర చాలు. మేం చేసినవాటిలో కొన్ని పనిచేశాయి, ఒకటి బాగా బెడిసికొట్టింది, అది కూడా దాచకుండా రాస్తా.

ముందు ఊరు గురించి. లుసాకా నుంచి ఉత్తరంగా సుమారు 140 కిలోమీటర్లు, గ్రేట్ నార్త్ రోడ్డు మీద బస్సెక్కితే లారీల వెనకాల లారీల వెనకాల పోయి దిగుతాం. బ్రిటిష్ వాళ్ల కాలంలో దీని పేరు బ్రోకెన్ హిల్, ఆస్ట్రేలియాలో అదే పేరున్న గని ఉంటే దాన్ని చూసి పెట్టారు. 1902లో ఖనిజం దొరికింది, 1906కల్లా రైలు పట్టాలు వచ్చేశాయి, ఇక అక్కణ్ణుంచి 1994 జూన్‌లో గని మూసేదాకా దాదాపు తొంభై ఏళ్లు సీసం, జింక్ తవ్వారు, తవ్వడమే కాదు అక్కడే కరిగించారు కూడా. 1921లో ఇదే గనిలో ఒక ఆదిమ మానవుడి పుర్రె దొరికింది, సైన్సు చదివినోళ్లు విని ఉంటారు, అది ఇప్పటికీ లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలోనే ఉంది, జాంబియా వాళ్లు తిరిగివ్వమని అడుగుతూనే ఉన్నారు. పుర్రె అటు పోయింది, సీసం ఇక్కడ ఉండిపోయింది.

సీసం మట్టిలో ఉండటం వేరు, పిల్లల ఒంట్లో ఉండటం వేరు. ఈ రెండిటి మధ్య దారి ఏంటో పట్టుకోవడమే మా పనంతా. కబ్వేలో ఆ దారి ప్రధానంగా దుమ్ము. స్మెల్టర్ (ఖనిజం కరిగించే కొలిమి) పొగగొట్టం నుంచి దశాబ్దాల పాటు వచ్చిన సన్నటి పొడి గాలి వాలుకి పడింది, అక్కడ గాలి ఎక్కువగా తూర్పు నుంచి పడమరకి వీస్తుంది, గనికి పడమర వైపున కసండా, మకులులు అనే బస్తీలు ఉన్నాయి, కసండా అయితే గని కార్మికుల కోసమే కట్టిన కాలనీ. అంటే గనిలో పనిచేసేవాళ్ల పిల్లలే గని గాలికి ఎదురుగా పెరిగారు. చోవా అని ఇంకో బస్తీ గనికి బాగా దగ్గర. ఇవి కాక గని నీళ్లు పోవడానికి తవ్విన కాలువ ఒకటి ఊళ్లోంచే పోతుంది, వానాకాలంలో అది పొంగితే ఆ బురద ఇళ్ల ముందు పేరుకుని, ఎండాక మళ్లీ దుమ్మవుతుంది. వీటన్నిటికీ మించి గని దగ్గర వ్యర్థాల గుట్టలు, 60 లక్షల టన్నులకి పైగా ఉంటాయని లెక్క, ఏ కప్పూ లేకుండా అలా ఆకాశం కింద పడి ఉన్నాయి. అందులో ఒక గుట్టని బ్లాక్ మౌంటెన్ అంటారు, నల్లటి చిట్టెం గుట్ట, దూరం నుంచి చూస్తే మన సింగరేణి ఓపెన్ కాస్ట్ పక్కన మట్టి దిబ్బల్లా అనిపిస్తుంది కానీ విషయం వేరే.

ఇది పిల్లల రక్తంలో ఎంతదాకా వెళ్లిందో చెప్పాలంటే ఒక్క స్టడీ చాలు. 2015లో అచ్చయిన ఆ స్టడీలో చోవా, కసండా, మకులులు బస్తీల్లో ఏడేళ్ల లోపు పిల్లలు 246 మంది రక్తం చూశారు. అందులో గరిష్ఠం డెసిలీటరుకి 427.8 మైక్రోగ్రాములు. ఈ నంబరు ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన ఇంకో రెండు నంబర్లు పెట్టి చూడాలి. డబ్ల్యూహెచ్‌ఓ 2021 గైడ్‌లైన్ ప్రకారం 5 ఉన్నా చాలు, ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి, పదేళ్ల లోపు పిల్లలకి 45 ఉంటే చెలేషన్ మందు, అంటే రక్తంలోంచి సీసాన్ని బయటికి లాగే మందు, మొదలెట్టాలి. అసలు ఇంతవరకు పర్లేదు అనే స్థాయి అంటూ సీసానికి లేదు. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 2019 రిపోర్టులో ఊరి జనాభాలో మూడోవంతుకి పైగా, అంటే 76 వేల మందికి పైగా సీసం ఉన్న బస్తీల్లోనే ఉంటున్నారని రాశారు. ఇదేదో కొత్తగా బయటపడిన సంగతి కూడా కాదు, 1970ల్లోనే అక్కడి డాక్టర్లు పిల్లల రక్తంలో సీసం కొలిచి ఎక్కువుందని రాసిపెట్టారు.

ఇక మా స్కూల్. గాలి వాలులో ఉన్న బస్తీలో, రెండు వరసల రేకుల షెడ్లు, మధ్యలో ఎర్రమట్టి ఆవరణ, ఒక మామిడి చెట్టు, ఒక చేతిపంపు. పిల్లలు రెండు షిఫ్టుల్లో వస్తారు. 2022లో జాంబియా ప్రభుత్వం ఫీజులు ఎత్తేసింది, మంచి పనే, కానీ క్లాసులు కిటకిటలాడిపోయాయి, లోపల పట్టని పిల్లలు బయట చెట్టు కింద కూర్చుని చదువుతారు. మమ్మల్ని పిలిచింది ఒక స్వచ్ఛంద సంస్థ, వాళ్లడిగింది సింపుల్‌గా ఒకటే, ఆవరణలో సీసం ఎంతుంది ఏం చేస్తే తగ్గుతుంది. మా చేతిలో ఉన్నది ఎక్స్‌ఆర్‌ఎఫ్ మీటర్, చూడ్డానికి డ్రిల్లింగ్ మెషీన్ లాగా ఉంటుంది, మట్టికి ఆనించి ట్రిగ్గర్ నొక్కితే సీసం ఎంతుందో అర నిమిషంలో నంబరు చూపిస్తుంది. పిల్లలు దాన్ని చూసి తుపాకీ అనుకుని మొదటిరోజు పారిపోయారు, రెండో రోజు నుంచి వదల్లేదు, నా చెయ్యి చూడు నా బూటు చూడు అని వెంటపడ్డారు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, ఈ పనిలో కొత్తగా వచ్చినవాళ్లు చేసే తప్పు ఇది. ఆవరణ మొత్తం మీద గళ్లు గీసి గడికో శాంపిల్ తీసి సగటు వేసేస్తారు. సగటు వేస్తే రిపోర్టు అందంగా ఉంటుంది గానీ పిల్లలు ఆడేది ఆవరణ మొత్తం మీద కాదుగా. నేను మొదటి రెండు రోజులు మీటర్ తీయకుండా ఊరికే కూర్చుని చూశా. పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎక్కడ తింటున్నారు, చెయ్యి మట్టిలో ఎక్కడ పెడుతున్నారు. చూస్తే నాలుగు చోట్లు తేలాయి. రేకుల కప్పు అంచు కింద నీళ్లు కారే గీత, చెట్టు నీడ, గేటు దగ్గర ఫ్రిటర్స్ అమ్మే చోటు (మన మైదా బోండాల్లాంటివి, అక్కడ పిల్లల టిఫిన్ అదే), ఇంకా షెడ్డు వెనక మగపిల్లలు న్సోలో ఆడే మూల. న్సోలో అంటే మన వామనగుంటలకి అన్న లాంటి ఆట, కాకపోతే నాలుగు వరసలు, నేలలో గుంటలు తవ్వి అందులో రాళ్లు వేసి తీస్తూ ఆడతారు. అంటే అరగంటసేపు వేళ్లు మట్టిలోనే ఉంటాయి. ఆట అయ్యాక అదే చేత్తో ఫ్రిటర్.

మీటర్ పెడితే ఆవరణ మధ్యలో కంటే ఈ చోట్లే ఎక్కువ చూపించింది, మరీ ముఖ్యంగా కప్పు అంచు కింద. ఎందుకంటే ఎండాకాలమంతా రేకుల మీద పడ్డ దుమ్ముని మొదటి వాన కడిగి తెచ్చి ఆ గీత మీదే పోస్తుంది, ఏళ్ల తరబడి. మేం పోల్చుకునే లెక్క అమెరికా వాళ్లది, పిల్లలు ఆడే నేలకి చాలాకాలం 400 పీపీఎం (పది లక్షల పాళ్ల మట్టిలో 400 పాళ్ల సీసం) అని ఉండేది, 2024లో దాన్ని 200కి దించారు. మా కప్పు అంచు కింద నంబరు నాలుగంకెల్లో ఉంది. కబ్వేలో గనికి దగ్గరగా మట్టిలో 60 వేల దాకా కూడా వచ్చిన రికార్డులున్నాయి కాబట్టి అక్కడివాళ్లు మా నంబరు చూసి పెద్దగా కంగారుపడలేదు, ఓ అంతేనా అన్నట్టు చూశారు, నాకు అదే ఎక్కువ బాధేసింది.

కానీ అసలు విషయం నాకు మీటర్ చెప్పలేదు, చీపురు చెప్పింది.

అక్కడి స్కూళ్లలో పొద్దున్నే పిల్లలే ఆవరణ ఊడుస్తారు. గడ్డి చీపుర్లు, పిడి ఉండదు, మన కొబ్బరీనెల చీపురు లాగే పొట్టి, వంగి ఊడవాలి. ఒకేసారి ముప్పై నలభై మంది ఊడుస్తుంటే ఎర్రటి మబ్బు లేచి షెడ్డు కిటికీల దాకా వస్తుంది, ఆ మబ్బులో పిల్లల మొహాలు నేలకి మూరెడు ఎత్తులో ఉంటాయి. లేటుగా వచ్చినోళ్లకి పనిష్మెంటు కూడా ఊడవడమే. దుమ్ము అణగకముందే బెల్లు కొడతారు, అందరూ లోపలికి పోతారు, దుమ్ము కూడా వాళ్లతోపాటే లోపలికి పోయి బెంచీల మీద పడుతుంది. నేను బెంచీ మీద తడిగుడ్డతో తుడిచి చూశా, ఒక్క పొద్దున ఊడ్చినందుకే గుడ్డ ఎర్రబడింది. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మన ఇళ్లల్లో వాకిలి పొడిగా ఊడిస్తే ఊరుకుంటారా, ముందు నీళ్లు చిలకరించి ఊడ్చి తర్వాత కళ్లాపి చల్లుతారు, దుమ్ము లేవకూడదని. అది ముగ్గు కోసం అనుకునేవాణ్ణి చిన్నప్పుడు, కాదు, దుమ్ము అణచడానికి అంతకంటే చవకైన టెక్నాలజీ ఇప్పటికీ లేదు.

హెడ్‌టీచర్‌తో చెప్పా. ఆమెని అందరూ బామాయో అని పిలుస్తారు, అంటే అమ్మగారు అన్నట్టు, నేనూ అలాగే పిలిచా. "బామాయో, తడి చల్లి ఊడిస్తే సగం సమస్య తగ్గుతుంది" అన్నా. ఆమె నవ్వి చేతిపంపు దగ్గర క్యూ చూపించింది. స్కూల్ పంపు బస్తీకి కూడా అదే పంపు, పొద్దున ఆరింటికే బకెట్లు వరసలో ఉంటాయి, తాగడానికే లైన్లో నిలబడే నీళ్లని నేల మీద చల్లమని బయట నుంచి వచ్చినవాడు చెబితే నవ్వక ఏం చేస్తుంది. ఆ రోజు నేను నోరుమూసుకున్నా. రెండు రోజులు పోయాక ఆమే దారి చెప్పింది, పిల్లలు చేతులు కడిగిన నీళ్లు డ్రమ్ములో పట్టి మర్నాడు పొద్దున చల్లుదాం అని. చేతులు కడగడం ఎలాగూ మొదలెట్టాలి కదా, సీసానికి చేతులు కడగడమే మొదటి కాపలా, ఒకే నీళ్లు రెండు పనులు చేశాయి. కడిగిన నీళ్లలో కొంచెం సీసం ఉండదా అని మా టీంలో కుర్రాడు అడిగాడు, ఉంటుంది, కానీ అది నేల మీదున్నదే తిరిగి నేలకి పోతోంది, గాల్లో లేవడం లేదు, అది చాలు. ఊడవడం కూడా పొద్దున నుంచి సాయంత్రం పిల్లలు వెళ్లాక పెద్దవాళ్లు చేసేట్టు మార్చారు, పిడి ఉన్న చీపుర్లు కొన్నాం. పనిష్మెంటుగా ఊడిపించడం ఆపేశారు. ఈ ఒక్క మార్పుకి అయిన ఖర్చు మా టీం ఒక రాత్రి లాడ్జి బిల్లు కంటే తక్కువ.

ఇంకో విషయం క్యాలెండర్. జాంబియాలో వానలు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా, మే నుంచి అక్టోబర్ దాకా ఎండు కాలం, ఆగస్టు సెప్టెంబర్‌లో గాలి దుమారం. స్కూల్ రెండో టర్ము మే నుంచి ఆగస్టు, మూడో టర్ము సెప్టెంబర్‌లో మొదలు. అంటే దుమ్ము కాలంలో చాలా భాగం పిల్లలు బడిలోనే. కాబట్టి ఏ పని చేసినా ఏప్రిల్ సెలవుల్లో అయిపోవాలి, మేలో మొదలెడితే తవ్విన దుమ్ము మనమే పిల్లల మీద పోసినట్టు. ఇది చదవడానికి చాలా చిన్న విషయంగా ఉంటుంది గానీ ఫండ్స్ ఎప్పుడూ ఏప్రిల్‌కి రావు, ఏ దేశమైనా అంతే.

ఇప్పుడు బెడిసికొట్టిన పని. ఆడుకునే స్థలం పైమట్టి తీసి, గట్టి గుడ్డ పరిచి, దాని మీద బయటి నుంచి తెచ్చిన మంచి మొరం పోసి దిమ్మిస కొట్టాలి, ఇది తెలిసిన పద్ధతే. తీసిన మట్టి ఎక్కడ వేయాలన్నది ప్రతిచోటా తలనొప్పే, చివరికి ఆవరణ మూలలో లోతుగా గొయ్యి తీసి పూడ్చి పైన సిమెంటు పలక వేశాం, తవ్వొద్దు అని బోర్డు. అంతా బాగానే ఉంది, కానీ రెండు తప్పులు చేశాం. గుడ్డ సరిపోక షెడ్డు వెనక మూలలో గుడ్డ లేకుండానే మొరం పోసేశాం, నేనే ఒప్పుకున్నా పర్లేదులే అని. అది న్సోలో ఆడే మూల. పిల్లలు రెండు వారాల్లో గుంటలు తవ్వేశారు, కొత్త మొరం కింద నుంచి పాత మట్టి మళ్లీ పైకి. రెండోది అంతకంటే పెద్ద తప్పు. స్కూల్ పక్కన ఉన్న మట్టి రోడ్డు, దాని పక్క డ్రెయిన్ మా కాంట్రాక్టులో లేవు, అది మా పరిధి కాదు అని వదిలేశాం. జనవరిలో పెద్ద వాన పడితే ఆ డ్రెయిన్ పొంగి బురద మొత్తం మా కొత్త మొరం మీద పరుచుకుంది. ఎండాక వెళ్లి మీటర్ పెడితే గేటు వైపు భాగం ఇంచుమించు పాత నంబరే. అంత మట్టి తవ్వి పోసి మేం చేసింది, వచ్చే దుమ్ముకి కొత్త చాప పరిచినట్టు అయింది.

మూలలో సమస్యకి మందు బామాయో వాళ్ల మేస్త్రీ చేశాడు. సిమెంటు పలకలో న్సోలో గుంటలు పోసి నాలుగు పలకలు తయారుచేసి నీడలో పెట్టాడు. ఆట ఆపమని చెప్పడం కంటే ఆటకి నేల మార్చడం తేలిక. కప్పు అంచు కింద కంకర పరిచి పైన సిమెంటు పట్టీ వేశాం, నా లెక్కలో మొత్తం పనిలో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చింది ఆ పట్టీనే. గడ్డి నాటాలని ఇంకొకరు పట్టుబట్టారు, ఫోటోలో పచ్చగా ఉంటుందని, సెప్టెంబర్‌కల్లా ఎండిపోయింది. అక్కడి డోలమైట్ రాయిని కాల్చి మట్టిలో కలిపితే సీసం కదలకుండా పట్టుకుంటుందని జపాన్ హొక్కైడో యూనివర్సిటీ వాళ్ల టీం కబ్వేలోనే పని చేసింది, గాలివాటం బస్తీల్లో నేల మొత్తం తవ్వడం కుదరని చోట అలాంటివే దారి అనుకుంటా, మేం మాత్రం వాడలేదు.

టీచర్లతో కూర్చున్న రోజు గురించి కూడా రాయాలి. సీసం ఒంట్లో ఉన్న పిల్లాడు చూడ్డానికి మామూలుగానే ఉంటాడు. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, తలనొప్పి, ఇవన్నీ మలేరియాకి నులిపురుగులకి కూడా వచ్చేవే. బాగా ఎక్కువైతే ఫిట్స్, స్పృహ తప్పడం, చావు. కానీ ఎక్కువమంది పిల్లలకి జరిగేది అది కాదు, ఒకచోట కుదురుగా కూర్చోలేరు, చెప్పింది మర్చిపోతారు, చదవడం ఆలస్యంగా వస్తుంది, ఊరికే కోపం. టీచర్ దృష్టిలో వాడు మొద్దు, అల్లరి. ఒక టీచరమ్మ ఏమందంటే, ఇన్నేళ్లు వాళ్లని లేట్ అయితే ఊడవమని పంపానే అని, ఇంకేం మాట్లాడలేదు. ఆమెని ఓదార్చడానికి నాకు తెలుగులో కూడా మాటలు రాలేదు. నేను చెప్పింది ఒక్కటే, ఖాళీ కడుపుతో ఉన్న పిల్లాడి పేగు సీసాన్ని ఎక్కువ లాగుతుంది, ఐరన్, కాల్షియం తక్కువున్న పిల్లాడికి ఇంకా ఎక్కువ, అసలే పెద్దవాళ్ల కంటే పిల్లలు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటారు, కాబట్టి పొద్దున ఏదో ఒకటి తినిపించి పంపమని ఇళ్లకి చెప్పండి అని. చిన్న ఎండు చేపలు కపెంటా అని దొరుకుతాయి అక్కడ, ముళ్లతో సహా తింటారు, వేరుశనగలు ఉన్నాయి, న్షిమా (మన సంకటి లాంటిది, మొక్కజొన్న పిండితో) పక్కన అవి ఉంటే చాలా మంచిది. ఇంటి కోళ్ల గురించి అడిగారు. మట్టి గీరి తినే కోళ్ల కార్జం, కందనకాయల్లో సీసం ఎక్కువ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది, కాబట్టి అవి పిల్లలకి పెట్టొద్దన్నా. నాటుకోడి మంచిది బ్రాయిలర్ చెడ్డది అని నమ్మే ఊరి నుంచి వెళ్లిన నేను ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

రక్త పరీక్షలు చేయించండి అని తల్లిదండ్రులు అడిగారు. ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెప్తా, కొందరికి నచ్చకపోవచ్చు. ఇల్లు, బడి శుభ్రం చేయకుండా చెలేషన్ మందు ఇవ్వడం అంటే కన్నం ఉన్న కుండకి నీళ్లు పోయడమే. మందు రక్తంలో సీసాన్ని బయటికి లాగుతుంది, పిల్లాడు తిరిగి అదే ఇంటికి పోతే మళ్లీ ఎక్కుతుంది. నైజీరియాలో జంఫారా అని ఒక రాష్ట్రం, 2010లో అక్కడి పల్లెల్లో బంగారం కోసం సీసం ఉన్న రాయిని ఇళ్ల ముందే పొడి చేసి, పిండి మరల్లో పట్టడంతో, కొద్ది నెలల్లోనే 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అక్కడ ఎంఎస్‌ఎఫ్ (సరిహద్దుల్లేని డాక్టర్లు అనే స్వచ్ఛంద సంస్థ) డాక్టర్లు పట్టుబట్టిన రూలు ఏంటంటే ముందు ఊరి మట్టి తీయాలి, తర్వాతే ఆ ఊరి పిల్లలకి మందు. బగేగా అనే పెద్ద ఊరు దీనికోసం 2013 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది, ఆ ఎదురుచూపు దారుణమే, కానీ వరస మాత్రం సరైనది. జంఫారాలో పల్లెలు చిన్నవి, కాలుష్యం కొత్తది, మట్టి తీస్తే పోయింది. కబ్వేలో తొంభై ఏళ్ల పొడి, రెండు లక్షలు దాటిన జనం, పక్కనే కప్పులేని గుట్ట. ఇక్కడ వరస తలకిందులైంది, పిల్లాడి రక్తం ముందు, వాకిలి తర్వాత, గుట్ట చిట్టచివర, అసలు వస్తే.

పెద్ద ప్రాజెక్టులు రాలేదా అంటే వచ్చాయి. వరల్డ్ బ్యాంక్ డబ్బుతో 2003 నుంచి 2011 దాకా ఒకటి నడిచింది, కాలువ పూడిక తీశారు, కొన్నిచోట్ల మట్టి పని, కొంతమంది పిల్లలకి పరీక్షలు. 2016 చివర్లో ఇంకోటి 6 కోట్ల 56 లక్షల డాలర్లతో మంజూరైంది. 2022లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక రిపోర్టరు తన నివేదికలో కబ్వేని బలి ప్రాంతాల, అంటే జనాన్ని విషంలో వదిలేసిన చోట్ల, లిస్టులో పెట్టాడు. కోర్టు కేసు కూడా ఉంది, 2020 అక్టోబర్‌లో జోహానెస్‌బర్గ్ హైకోర్టులో యాంగ్లో అమెరికన్ సౌతాఫ్రికా అనే గనుల కంపెనీ మీద వేశారు, 1925 నుంచి 1974 దాకా గనిలో ఆ గ్రూపు పాత్ర ఉందని, సుమారు లక్షా నలభై వేల మంది పిల్లలు, ఆడవాళ్ల తరఫున. కంపెనీ ఏమో బాధ్యత మాది కాదు, మేం గని ఓనర్లం కాదు, 1974 తర్వాత ప్రభుత్వ కంపెనీయే ఇరవై ఏళ్లు నడిపింది అంటుంది. 2023 డిసెంబర్‌లో హైకోర్టు క్లాస్ యాక్షన్‌కి, అంటే అందరి తరఫున ఒకే కేసుగా నడపడానికి, ఒప్పుకోలేదు, వాళ్లు అప్పీలుకి వెళ్లారు. నేను లాయర్ని కాదు, తప్పెవరిదో తేల్చే పని నాది కాదు, కానీ మట్టి పనివాడిగా నాకు అర్థమయ్యేది ఏంటంటే ఎవరిది అని తేలేదాకా గుట్ట మీద కప్పు పడదు, కప్పు పడేదాకా ప్రతి సెప్టెంబర్ గాలికి కొత్త దుమ్ము.

పైగా గుట్ట చచ్చిపోయినది కాదు, బతికే ఉంది. అందులో ఇంకా సీసం జింక్ మిగిలి ఉన్నాయి కాబట్టి దాన్ని మళ్లీ ప్రాసెస్ చేయడానికి లైసెన్సులు ఇస్తున్నారు, కంపెనీలు లారీల్లో తరలిస్తున్నాయి, ఇది 2025లో హ్యూమన్ రైట్స్ వాచ్ రెండో రిపోర్టులో కూడా వచ్చింది. ఇంకోవైపు చేతితో తవ్వుకునే వాళ్లు, తట్టలు పారలతో. మా స్కూల్ పిల్లల్లో ఒకమ్మాయి తండ్రి అలా బ్లాక్ మౌంటెన్ మీద పనిచేసేవాడు. సాయంత్రం అదే బట్టలతో ఇంటికొచ్చి పిల్లని ఎత్తుకుంటాడు. బట్టలు బయట మార్చుకుని స్నానం చేసి లోపలికి వెళ్లమని చెప్పా. సరే అన్నాడు, వేరే జత బట్టలు ఎవరిస్తారు అని అడిగాడు. మా ప్రాజెక్టు బడ్జెట్లో బట్టలకి హెడ్ లేదు. నా బ్యాగులో ఉన్న రెండు టీషర్టులు ఇచ్చా, దీన్ని ఇంటర్వెన్షన్ అని రిపోర్టులో రాయలేదు.

పని అయ్యాక కొలతలు చూస్తే, బెంచీల మీద తడిగుడ్డ పరీక్ష బాగా తగ్గింది, చూస్తేనే తెలిసేంత. కప్పు అంచు పట్టీ గట్టిగా ఉంది. గేటు వైపు మళ్లీ మొరం పోశాం, ఈసారి ముందు డ్రెయిన్ అంచుకి రాళ్ల కట్ట వేసి, అది కాంట్రాక్టులో లేకపోయినా వేశాం, మొరంలో డబ్బు మిగిల్చి. రక్తంలో తగ్గిందా అంటే ఒక స్కూల్ ఆవరణ మార్చినంత మాత్రాన తగ్గిందని నేను చెప్పను, పిల్లాడు రోజులో బడిలో ఉండేది నాలుగైదు గంటలు, మిగతాది ఇంట్లో. రక్తంలో ఉన్న సీసం సగానికి రావడానికి నెల పైన పడుతుంది, ఎముకల్లో చేరింది దశాబ్దాలు ఉంటుంది, రేపు ఆ ఆడపిల్లలు గర్భం దాల్చినప్పుడు ఎముకల్లోంచి మళ్లీ రక్తంలోకి దిగి కడుపులో బిడ్డకి కూడా పోతుంది. ఇవన్నీ తెలిసే బామాయో డ్రమ్ములో నీళ్లు రోజూ నింపిస్తోంది.

మొన్న ఆవిడ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. స్కూల్ గేటుకి పాతిక అడుగుల దూరంలో రోడ్డు పక్కన నల్లటి కుప్ప, తళతళలాడుతోంది. రోడ్డు గుంతలు పూడ్చడానికి ఎవరో లారీతో దింపి పోయారంట, ఎవరో తెలీదంట. నాకు చూడగానే తెలిసింది అది ఏ గుట్టదో, కానీ చూసి చెప్పడం కాదు కదా, కొలవాలి, మీటర్ లుసాకాలో ఉంది, అది తీసుకుని మనిషి వెళ్లాలంటే వారం పడుతుంది. ఫోన్ చేసి చెప్పా, పిల్లల్ని ఆ వైపు పోనివ్వకండి, ఫ్రిటర్స్ ఆమెని గేటుకి అవతలి పక్కకి మార్చండి, కుప్ప మీద టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెట్టించండి, పొడిగా మాత్రం ఎత్తించకండి. టార్పాలిన్ లేదు, పాత రేకులు ఉన్నాయి, పర్లేదా అని అడిగింది. రేకులు చాలు, గాలికి లేవకుండా బరువు పెట్టండి అన్నా.